కళ్ళు దిద్దిన చేయి

ఢిల్లీ
10 జూన్ 2024

రమ వదినకు,

అన్న తీర్పును శిరసావహించి కాగితం, కలం పట్టుకున్నాను. మొన్న ఫోన్లో నువ్వూ నేనూ ఒకేసారి మాట్లాడుతుంటే ఆయన ఫోన్ లాక్కుని ఏమన్నాడో గుర్తుందిగా. "మీరిద్దరు ఫోన్లు బంద్ జేయుండ్రి. ఏమన్నుంటే ఉత్తరాలు రాసుకోండ్రి. రాసేటప్పుడన్న ఒగలి మాట ఒగలు కొయ్యరు." మీ పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి తీర్పు. గౌరవిద్దాం.

మీరు పంపిన ఐదు కర్ర ముఖాలూ క్షేమంగా చేరాయి. పెట్టె తెరిచిన వాళ్ళు తెల్ల గ్లౌజులు వేసుకుని, ఊపిరి బిగబట్టి, పురిటి బిడ్డను ఎత్తినట్టు లక్ష్మీదేవరను ఎత్తారు. మన గూడెంలో దేవర కొలుపుకు ఇదే ముఖాన్ని తలకు కట్టుకుని మనవాళ్ళు డప్పుల మధ్య తెల్లవార్లూ గంతులేస్తారని నేను చెప్పలేదు. ఎవరికైనా గుండె ఆగితే నా ఉద్యోగం పోతుంది.

ఆ ఉద్యోగం సంగతే చెప్పాలి. చాలా ఏళ్ళ కింద ఇదే ఊళ్ళో ఒక మేళాలో నన్ను చాప మీద కూర్చోబెట్టి, మెడలో పూసలు వేసి, వచ్చేపోయేవాళ్ళ ముందు బొమ్మలు వేయించారు. హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ నా సంచిలోనే ఉంది. ఒకావిడ నా చెంప గిల్లి "ఎంత ముద్దుగా గీస్తున్నావమ్మా, ఎవరు నేర్పారు, నెమళ్ళా?" అంది. తర్వాత నా బొమ్మలు పెద్దవయ్యాయి, అవార్డు వచ్చింది, పేపర్లలో పేరు వచ్చింది. పేరుకు ముందు "గిరిజన", "మహిళా", "వెనుకబడిన జిల్లాకు చెందిన" అని మూడు బోగీలు. వెనక నుంచి తోసే ఇంజన్ లాగా నేను చివర. ఇప్పుడు మ్యూజియంలో క్యూరేటర్ని. అంటే ఏ వస్తువు ఏ గోడకు, ఏ వెలుతురులో, ఏ మాటతో పెట్టాలో నిర్ణయించే మనిషిని. నేను నిర్ణయిస్తాను, డైరెక్టర్ గారు మారుస్తారు. డిసెంబర్ ప్రదర్శనకు మన తెగను తలుచుకుని నేను పెట్టిన పేరు "నాయకపోడు ముఖాలు". ఆయన మార్చిన పేరు "అడవి మౌనం".

కానీ ఒక్కచోట నేను గెలిచాను వదినా. ఇక్కడ మనలాంటి వాళ్ళు చేసిన ప్రతి వస్తువు కింద ఒకటే చీటీ ఉంటుంది: "పేరు తెలియని గిరిజన కళాకారుడు". ఈ పేరు తెలియనివాడు ఎంత కష్టజీవి అంటే, అస్సాం నుంచి గుజరాత్ దాకా అన్నీ ఆయనే చేశాడు. నేను మీటింగుల్లో కొట్లాడాను. "చేసినవాడికి పేరుంది, ఊరుంది, ఫోన్ నంబరుంది, మా అన్న" అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. మన ఐదు ముఖాల కింద "చెక్కి, రంగులు వేసినవారు: సదానందం, ఖిలా వరంగల్" అని ఉంటుంది. సహజ వర్ణాలు అని కూడా. అది డైరెక్టర్ గారి ముచ్చట.

అన్నకు చీటీ ఫోటో పంపాను. నువ్వూ సంతోషిస్తావని, సంతోషించినా చెప్పవని నాకు తెలుసు.

నీ ఆడబిడ్డ
సుభాషిణి

*

ఖిలా వరంగల్
26 జూన్ 2024

ఢిల్లీ ఆడబిడ్డ గారికి ఖిలా వరంగల్ అంగన్‌వాడీ టీచరు రాయునది ఏమనగా,

నీ ఉత్తరం అందింది. తెచ్చిచ్చిన పోస్టుమన్ మొగిలి "గీ కాలంల గూడ ఉత్తరాలా మేడం? నేను కోర్టు నోటీసనుకున్న" అన్నాడు. చదివాక నాకూ పెద్ద తేడా కనపడలేదు.

మీ అన్న సంగతి చెబుతాను. ఆ చీటీ ఫోటో చూపించని మనిషి ఈ కోటలో లేడు. కీర్తి తోరణాల దగ్గర చాయ్ తాగేవాళ్ళకు చూపించాడు, టికెట్లు చింపేవాడికి చూపించాడు, పక్కింటి గౌసియా బేగం కుట్టుమిషను ఆపించి మరీ చూపించాడు. "ఢిల్లీల నా పేరు గోడకెక్కింది బేగం" అంటే ఆమె కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, నా వైపు చూసి, "మాషా అల్లా, రంగులు గూడ భాయే ఏసిండా?" అంది. మీ అన్నకు అప్పుడే ఎవరో పిలిచినట్టు వినిపించి బయటికి పోయాడు.

నాకూ ఆ సందేహమే. ఆయన రంగులు వేస్తుండగా ఒక్కసారి చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఇరవై ఏళ్ళుగా అదృష్టం లేదు. బహుశా నేను పిల్లలకు గుడ్లు ఉడకబెట్టడానికి పోయినప్పుడు వేస్తున్నాడేమో. వేసి, బ్రష్షులు కడిగి, నేను వచ్చి పడుకున్నాక నా గోళ్ళ సందుల్లో రంగు పూసి, తాను శుభ్రంగా లేస్తున్నాడేమో. మగవాళ్ళ కష్టం మనకేం తెలుస్తుంది.

సహజ వర్ణాలంటే అడవిలో ఆకులు, పూలు నూరి తీసినవని మీ అన్న చెప్పాడు. నిజమే. మట్టెవాడలో ఒక అడవి ఉంది. దానికి షట్టరుంది. లోపల ఎనామిల్ డబ్బాలు కాస్తాయి. ఎర్రది, పచ్చది ఎప్పుడూ దొరుకుతాయి. బంగారు రంగు మాత్రం పెళ్ళిళ్ళ సీజన్లో దొరకదు.

"అడవి మౌనం" పేరు బాగుంది. మేమిక్కడ కోతులతో, ఆటోల హారన్లతో, ఆదివారం సెల్ఫీలకు వచ్చే కాలేజీ పిల్లలతో మౌనంగానే ఉన్నాం.

కొలుపు ఫాల్గుణంలో ఉంది. అప్పటికి ముఖాలు గూడెం చేరాలి. మీ గోడలకు తొందర లేదు, మా దేవరకు ఉంది.

ఇట్లు
రమ
చదువు: డిగ్రీ. నెమళ్ళు కాదు, ఆర్ట్స్ కాలేజీ.

*

ఢిల్లీ
20 జూలై 2024

వదినా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. అన్న బద్ధకం మీద నీకున్న కోపం ఎంత అందంగా రాశావో! చదివిన ప్రతిసారీ పెళ్ళి చేసుకోకపోవడం ఎంత తెలివైన పనో అర్థమవుతుంది. నిజమే, ఆయన చెప్పింది వెంటనే చేయడు. నువ్వు ఇంట్లో లేనప్పుడు మాత్రమే పని చేస్తాడంటే, అది కళాకారుల లక్షణం. ఏకాంతం కావాలి. నేనూ ఎవరైనా చూస్తుంటే గీత గీయలేను.

ప్రదర్శన పుస్తకంలో మన ఇంటి మీద ఒక వ్యాసం రాస్తున్నాను. అందుకని అన్నను ఫోన్లో పద్ధతిగా ఇంటర్వ్యూ చేశాను. "ముఖాలకు రంగులు ఎవరు వేస్తారన్నా?" అంటే "ఇంకెవలు, మనమే ఏస్తం" అన్నాడు. "అమ్మ దగ్గర నేర్చుకున్నదేనా?" అంటే "ఆఁ, అమ్మదే చెయ్యి" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట రాలేదు. ఎంత వినయం! ఆ రెండు మాటల మీద నేను ఏడు పేజీలు రాశాను. తల్లి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చిన విద్య అని. డైరెక్టర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయనకు ఏసీ పడదు, అయినా నేను లెక్కలోకి తీసుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. డిసెంబర్ ఏడున ప్రారంభం. వచ్చినవాళ్ళ ముందు అన్న ఒక కొత్త ముఖానికి రంగులు వేయాలి. కంగారుపడకు, చాప ఉండదు. చాప ఉంటే నేనుండనని చెప్పాను. బల్ల, కుర్చీ, మంచి దీపం తెప్పిస్తున్నాను. ముఖం చెక్కి తెస్తే చాలు, రంగులు ఇక్కడే కొంటారు.

నీకూ టికెట్ అడిగాను. కళాకారుడి కుటుంబానికి ఇచ్చే పద్ధతి లేదట. "సహాయకురాలు" అని రాస్తే ఇస్తామన్నారు. అన్నకు నీళ్ళు అందించడం, బ్రష్షులు కడగడం లాంటివి చూసుకోవచ్చు. మాటకు ఏముంది వదినా, వస్తే ఎర్రకోట చూపిస్తాను. రోజూ ఒకే కోట చూసి నీకూ విసుగొచ్చి ఉంటుంది.

సుభాషిణి

*

ఖిలా వరంగల్
8 సెప్టెంబర్ 2024

గౌరవనీయులైన క్యూరేటర్ గారికి సహాయకురాలు వ్రాసుకొను విన్నపము,

మీరు దయతో ఇవ్వజూపిన బ్రష్షులు కడిగే ఉద్యోగం అందింది. అంత పెద్ద బాధ్యతకు నేను తగను. మా అత్త కట్టమ్మ, అంటే మీ అమ్మ, నాకు బ్రష్షు కడగడం తప్ప అన్నీ నేర్పింది. కడిగేది మీ అన్నే. ఆ పనిలో ఆయనను మించినవాడు లేడు, ఆ మాట మాత్రం మీ పుస్తకంలో ధైర్యంగా రాయవచ్చు.

"మనమే ఏస్తం" అన్నాడని రాశావు. మీ అన్న మాటల్లో "మనం" అంటే ఎవరో నీకింకా తెలియదా? "మనం ఇయ్యాల చికెన్ వండుదాం" అంటాడు. వండేది ఎవరు? "మనం బియ్యం పట్టుకరావాలె" అంటాడు. మోసేది ఎవరు? ఆ ఒక్క మాట మీద ఏడు పేజీలు రాశావంటే, నీ చదువుకు చేతులెత్తి మొక్కాలి.

నేను రావడం లేదు. అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచే నెల అని రాసుకో. మీ అన్నను పంపుతున్నాను. పోతురాజు ముఖం ఒకటి చెక్కుతున్నాడు. చెప్పకూడదు కానీ చాలా బాగా వస్తోంది. ముక్కు దగ్గర ఉలి ఆపి, తల పక్కకు వంచి, కర్రతో ఏదో మాట్లాడతాడు చూడు, ఆ మనిషిని అప్పుడు ఏమీ అనబుద్ధి కాదు. నాలాంటిదానికే.

బ్రష్షు ఏ చివర పట్టుకోవాలో నువ్వు దగ్గరుండి చూపించు. కళ్ళు చివరన దిద్దాలి, ముందే దిద్దితే దేవర అలుగుతుంది. ఇది నేను ఆయనకు చెప్పడం లేదు. నీకు చెబుతున్నాను. నువ్వు ఎలాగూ నవ్వుతావు.

మందపు స్వెట్టరు పెట్టాను. చలికి ఆయన ముక్కు కారుతుంది. ఫోటోలప్పుడు చూసుకో.

రమ

*

ఢిల్లీ
9 డిసెంబర్ 2024

రమ,

ఈసారి వదినా అని పిలవబుద్ధి కావడం లేదు.

ఏం జరిగిందో అన్న నీకు చెప్పి ఉండడు. నేనే చెబుతాను, నీకు కావలసింది అదే కాబట్టి. హాలు నిండా మనుషులు. రాయబార కార్యాలయాల వాళ్ళు, పేపర్లవాళ్ళు, ఖద్దరు చీరల వాళ్ళు. నా ప్రసంగం అయ్యింది. నా జీవితంలో ఇంతకన్నా బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. "మా అమ్మ చేయి ఇవాళ మా అన్న చేతిలో ఉంది" అని ముగించాను. చప్పట్లు. అన్న ఇస్త్రీ చొక్కా మీద నీ స్వెట్టరు వేసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ముందు పోతురాజు ముఖం. తెల్లగా, బోసిగా.

అన్న పసుపు డబ్బా మూత తీశాడు. బ్రష్షు ముంచాడు. ముంచి, అలాగే పట్టుకున్నాడు. రంగు కారి బల్ల మీద పడింది. అందరూ అదేదో పూజ అనుకుని నిశ్శబ్దంగా ఉన్నారు. డైరెక్టర్ గారైతే పక్కావిడతో "ధ్యానం" అన్నారు. నేను దగ్గరికి పోయి "అన్నా, వేయి" అన్నాను. అన్న నా వైపు చూడలేదు. బ్రష్షు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"నాకు రాదు" అన్నాడు.

మైకు బల్ల మీదే ఉంది. హాలంతా వినపడింది.

"గీ ముఖం నేను చెక్కిన. గోడ మీదియి గూడ నేనే చెక్కిన. రంగులేసేది, కండ్లు దిద్దేది మా ఇంటామె. రమ. ఆమె కండ్లు దిద్దంది అది కర్రే, దేవర గాదు. నా చెల్లె పేరేస్త అంటె సంబురపడ్డ. ఆగుమన్లే. తప్పు నాదే."

ఒక తెలుగు పేపరతను పక్కవాళ్ళకు తర్జుమా చేశాడు. ముందు ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది. ఆ తర్వాత కెమెరాలు. మర్నాడు ఒక పేపర్లో "రంగు వెలిసిన క్యూరేటర్" అని శీర్షిక. డైరెక్టర్ గారు నన్ను గదిలోకి పిలిచి చాలా ప్రేమగా చెప్పారు: "చూశారా సుభాషిణీ, అందుకే 'పేరు తెలియని' అనడం మంచిది. ఎవరూ వచ్చి కాదనరు." చీటీలు పీకించి పాతవే పెట్టించారు.

అన్న భోజనం చేయలేదు. నేనే రైలు ఎక్కించాను. కదిలాక కిటికీలోంచి "జర పైలం" అన్నాడు.

నీకు ముందే తెలుసు. ఆయనకు రాదని తెలిసీ, ఇంతమంది ముందు ఏం జరుగుతుందో తెలిసీ, స్వెట్టరు తొడిగి మరీ పంపావు. నా మీద కోపముంటే నా మీద తీర్చుకోవాల్సింది. నీ పంతం నెగ్గింది, శుభాకాంక్షలు.

సుభాషిణి

*

ఖిలా వరంగల్
22 డిసెంబర్ 2024

సుభాషిణికి,

నువ్వు వదినా అనకపోతే నా వదినరికం పోదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

చెప్పలేదంటావా? జూన్‌లో చెప్పాను. సెప్టెంబర్‌లో ఇంకా గట్టిగా చెప్పాను. నువ్వు నవ్వావు. అన్న బద్ధకమన్నావు, ఏకాంతమన్నావు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి "వదినా, రంగులు నువ్వే వేస్తావా?" అని అడిగి ఉంటే ఒక కార్డు ముక్క మీద "అవును" అని రాసి పంపేదాన్ని. పేరు తెలియనివాడి కోసం అన్ని మీటింగుల్లో కొట్లాడిన దానివి, ఈ ఇంట్లో ఇంకో మనిషి ఉందని నీకెందుకు తోచలేదు?

నువ్వు హైదరాబాద్‌లో చదువుకుంటున్నప్పుడు మీ అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కొత్త కోడలిని. చేయి వణికితే వేళ్ళ మీద కొట్టేది. "నా బిడ్డకు నేర్పుదామనుకున్న, అది పట్నం పోయింది. నువ్వన్న సక్కగ నేర్సుకో" అనేది. ఆమె కళ్ళు మసకబారాక గూడెంలో కొలుపుకు ముఖాలన్నీ నేనే దిద్దాను. నువ్వు సెలవులకు వచ్చి, ఫోటోలు తీసుకుని, "అమ్మ గీత ఎంత గట్టిగా ఉంది" అని పోయేదానివి. అప్పుడు మీ అమ్మ నా చేయి గిల్లి, చెప్పొద్దని సైగ చేసేది. బిడ్డ దగ్గర తన చేయి ఆగిపోయిందని ఒప్పుకోవడం ఆమెకు ఇష్టం లేదు. నేను ఊరుకున్నాను. ఆమె పోయాక కూడా ఊరుకున్నాను. అలవాటైపోయింది.

ఇంతవరకూ నా గొప్పతనం. ఇక మిగతాది.

అవును, తెలిసే పంపాను. ఆయన తడబడాలనే పంపాను. ఒక్క చుక్క తప్పు పెట్టి, నీతో నాకు ఫోన్ చేయించి, "రమను పిలువు" అంటాడనుకున్నాను. అప్పుడు కొంచెం బెట్టు చేద్దామనుకున్నాను. బెట్టు చేయడానికి ఏ చీర కట్టుకోవాలో కూడా చూసి పెట్టుకున్నాను, ఎవరికి కనపడుతుందని అడక్కు. నిలబడి మైకులో "తప్పు నాదే" అంటాడని నేను అనుకోలేదు. వాళ్ళు నవ్వుతారని అనుకోలేదు. ఆ మాట నీ ఉత్తరంలో చదివేదాకా నాకు తెలియదు. వచ్చినవాడు స్వెట్టరు విప్పి, మడతపెట్టి ఇచ్చి, "సలి బాగుంది" అన్నాడు. అంతే.

ఉలి సంచి అటక మీద పెట్టేశాడు. గూడెం నుంచి పెద్దమనిషి కొమురెల్లి వచ్చి, ఫాల్గుణానికి భీముడి ముఖం పాతది పురుగు పట్టింది, కొత్తది కావాలన్నాడు. "వేరేటోల్ల జూసుకోండ్రి" అన్నాడు మీ అన్న. చెక్కడానికి మన దగ్గర వేరేవాడు లేడని ఆయనకు తెలుసు, కొమురెల్లికీ తెలుసు. ఇప్పుడు పొద్దంతా తోరణాల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకు దారి చెబుతున్నాడు. చీటీ ఫోటో ఫోన్లోంచి తీసేశాడు.

పంతం నెగ్గిందన్నావు. నెగ్గింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఇంట్లో అటూ ఇటూ మోస్తూ తిరుగుతున్నాను.

రమ

*

ఢిల్లీ
18 జనవరి 2025

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రెండుసార్లు జవాబు రాసి చించాను. మొదటిదాంట్లో నేనే బాధితురాలిని. రెండోదాంట్లో అమ్మది తప్పు. రెండూ బాగానే వచ్చాయి, వ్యాసాలు రాసే చేయి కదా.

అందుకని ఏం చేశానో మాత్రమే రాస్తాను.

మొదట ఆ ఏడు పేజీల వ్యాసం మళ్ళీ చదివాను. చదవలేకపోయాను. తర్వాత డైరెక్టర్ గారి దగ్గరికి పోయి, చీటీలు మార్చాలన్నాను. "చెక్కినవారు సదానందం, రంగులు వేసి కళ్ళు దిద్దినవారు రమ." ఆయన ఓపికగా విన్నారు. "రేపు ఇంకెవరో వస్తే?" అన్నారు. "వస్తే వాళ్ళ పేరూ రాద్దాం, గోడ పెద్దదే" అన్నాను. ఆలోచిద్దామన్నారు. ఆయన ఆలోచిద్దామన్నవి ఇక్కడ గోదాములో చాలా ఉన్నాయి.

దాంతో నేనే చేత్తో రాసి అంటించాను. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. మధ్యాహ్నానికి పీకేశారు. మళ్ళీ అంటించాను. మళ్ళీ పీకేశారు. కొన్నాళ్ళు ఇదే నా ఉద్యోగం. సెక్యూరిటీ ఆమె సాయంత్రం పీకి, జాగ్రత్తగా నా బల్ల మీద పెట్టిపోయేది, మర్నాడు మళ్ళీ రాసే శ్రమ లేకుండా. చివరికి ఒక జిగురు కొన్నాను. అది గోడ సున్నంతో సహా తప్ప రాదు. ఆ రోజు సాయంత్రం డైరెక్టర్ గారు, నా కాంట్రాక్టు ఈ నెలతో ముగుస్తుందనీ, "సంస్థ కొత్త దిశలో ప్రయాణిస్తోంద"నీ చెప్పారు. నా దిశ కూడా చెప్పాను. మర్యాదగా చెప్పలేదు.

కాబట్టి మీ ఆడబిడ్డ ఇప్పుడు మాజీ క్యూరేటర్. ముఖాలను నేనే తెస్తున్నాను. ప్రదర్శన నెలాఖరుకు అయిపోతుంది. ఫిబ్రవరి మూడో వారంలో, గ్లౌజులు లేకుండా పెట్టెలో సర్ది, రైల్లో నా బెర్తు కింద పెట్టుకుని వస్తాను.

హైదరాబాద్‌లో ఒక చిన్న గ్యాలరీ నడిపే నుస్రత్ అనే ఆవిడ పేపర్లో నా మీద వచ్చిన ఎగతాళి చదివి ఫోన్ చేసింది. "ఆ రమ గారి ముఖాలు నాకు కావాలి" అంది. నన్ను కాదు, నిన్ను అడిగింది, గమనించు. కొలుపు అయ్యాక ఏప్రిల్‌లో పెడదామంటోంది. నేను ఒక షరతు పెట్టాను. గోడ మీద రాసేది నువ్వే రాయాలి. నేను ఒక్క అక్షరం మార్చను. నా చేత్తో రాసినవి ఎంత బాగున్నాయో ఇద్దరం చూశాం.

ఇంకో మాట, అడగడానికి సిగ్గుగా ఉంది. దేశమంతా అమ్మ గీత గురించి ఉపన్యాసాలిచ్చాను. ఆ గీత నాకు రాదు. పెద్ద పెద్ద గుడ్డల మీద పెద్ద బ్రష్షుతో గీసేది వేరు. ఆ కంటి కొస దగ్గర సన్నగా తిప్పేది నాకు ఎప్పుడూ రాలేదు. నేర్పుతావా? వేళ్ళ మీద కొడితే పడతాను. నీకు ఎలాగూ ఎప్పటినుంచో కొట్టాలని ఉంది.

అన్నతో ఏమనాలో నాకు తెలియడం లేదు. ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు.

సుభాషిణి

*

ఖిలా వరంగల్
2 ఫిబ్రవరి 2025

నిరుద్యోగి ఆడబిడ్డకు,

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"నౌకరి పోయిందా?" అన్నాడు.

"పోయింది."

"మన పేర్ల కోసమా?"

"అవును. ఇప్పుడు 'మన' అంటే నిజంగానే ఇద్దరం."

లేచాడు. చెప్పులు వేసుకుని పోయాడు. చీకటి పడేముందు ఆటోలో ముఖాలు చెక్కే పొనికి దుంగ వేసుకుని వచ్చాడు. ఆటోవాడితో కిరాయి దగ్గర కొట్లాడుతుంటే ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది. అటక ఎక్కి సంచి దించాడు. ఉలులకు తుప్పు పట్టిందని నన్ను తిట్టాడు, పెట్టింది నేనైనట్టు. ఇప్పుడు భీముడికి మీసాలు వస్తున్నాయి. పోతురాజు ముఖానికి నేను నిన్న కళ్ళు దిద్దాను. ఢిల్లీలో బల్ల మీద బోసిగా కూర్చుని, మీ అన్న సంచిలో తిరిగొచ్చినదే. ఇంట్లో నిలబెట్టగానే గౌసియా బేగం మనవరాలు జడుసుకుని ఏడ్చింది. బాగా కుదిరినట్టే లెక్క.

గోడ మీద రాసేదాని గురించి ఇంట్లో రెండు రోజులు యుద్ధం. ఎవరి పేరు ముందు అని. "కర్ర లేంది రంగు దేనికేస్తవ్? నా పేరు ముందు" అన్నాడు. "రంగు లేనిదాన్ని ఢిల్లీలో చూపించావుగా, ఏమన్నారు?" అన్నాను. అనగానే నోరు జారాననుకున్నాను. కానీ ఆయన నవ్వాడు. డిసెంబర్ తర్వాత అదే మొదటి నవ్వు. "సరె, రాస్కో నీ ఇష్టం" అన్నాడు. అందుకని నేనే తగ్గి ఆయన పేరు ముందు రాశాను. నేను తగ్గినట్టు మాత్రం ఆయనకు చెప్పకు.

నేర్పడం గురించి. పొద్దున అంగన్‌వాడీ ఉంటుంది, సాయంత్రం నేర్పుతాను. మొదటి నెల నీకు బ్రష్షు ఇవ్వను. డబ్బాల మూతలు తీయడం, రంగు కలపడం, కడగడం. కడిగే పని మీ అన్న నీకు దగ్గరుండి నేర్పుతాడు. పత్రికలవాళ్ళను పిలవొద్దు. నలభై దాటినదానివి, చేయి తొందరగా వంగదు, ఏడవొద్దు.

నుస్రత్ గారి గోడ మీదికి ఇది రాశాను. ఒక్క అక్షరం మార్చనన్నావు. చూద్దాం.

"ఇవి నాయకపోడుల దేవర ముఖాలు. చెక్కింది సదానందం. రంగులు వేసి కళ్ళు దిద్దింది రమ. రమకు నేర్పింది ఆమె అత్త కట్టమ్మ. కట్టమ్మకు నేర్పిన ఆమె పేరు మాకు నిజంగానే తెలియదు, అడగకుండానే పెద్దవాళ్ళు పోయారు. అది మా తప్పు. ఇక్కడికి తెచ్చింది సుభాషిణి. ఆమెకు కళ్ళు దిద్దడం రాదు, నేర్చుకుంటోంది. రంగులు దుకాణంలో కొన్నవి. వీటికి మౌనం తెలియదు, ఎవరైనా డప్పు తెస్తే అభ్యంతరం లేదు. మళ్ళీ ఫాల్గుణానికి వీటితో మాకు పనుంది. అప్పటికి ఇంటికి పంపాలి. ముట్టుకోవద్దు అన్న బోర్డు మీకు. మేము ముట్టుకుంటాం."

రమ